పడిపోయిన చెయ్యి ముందు

మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలు. వనపర్తిలోని ఊరట నిలయం ఆఫీసు గదిలో నాలుగు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో ఎస్సై చంద్రశేఖర్ కూర్చున్నాడు. రెండోదాంట్లో ఆయన టోపీ ఉంది. మూడోదాంట్లో నిలయం మేనేజర్ కురుమయ్య, నాలుగోదాంట్లో కురుమయ్య టిఫిన్ డబ్బా. ఒక మనిషి ప్రాణం పోవడానికి కారణమని వాళ్లిద్దరూ తేల్చేసిన ఆయా తస్లీమ్ మాత్రం తలుపు పక్కన నిలబడి ఉంది.

డిటెక్టివ్ ముబషిరా లోపలికి వచ్చి, టిఫిన్ డబ్బా తీసి బల్ల మీద పెట్టి, తస్లీమ్‌ను కూర్చోమంది. తస్లీమ్ కూర్చోలేదు. నలభై ఏళ్ల మనిషి. నాలుగేళ్లుగా ఆ గదిలో ఒక్కసారి కూడా కూర్చోలేదు, ఇవాళ కొత్తగా ఎలా కూర్చుంటుంది?

"రెండు గంటలకు జీపు వస్తది డిటెక్టివ్ మేడం," అన్నాడు ఎస్సై. "మీకు యాభై నిమిషాలున్నయి. ఇది పెండ్లి సంబంధాల ఎంక్వైరీ గాదు. జల్ది కానియ్యున్రి."

ముబషిరా నాగర్‌కర్నూల్‌లో ఒక గది అద్దెకు తీసుకుని డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. వచ్చే పనిలో సగం పెళ్లి ఎంక్వైరీలే. ఆమె ఆ సంగతి ఎప్పుడూ దాచుకోలేదు. ఈ కేసులోకి ఆమెను పిలిచింది చనిపోయిన సాయన్న కూతురు వర్ష. డీఎస్పీ దగ్గర అనుమతి కూడా రాయించి ఇచ్చింది. ఆ కాగితం లేకపోతే చంద్రశేఖర్ ఆమెను గేటు కూడా దాటనిచ్చేవాడు కాదు.

"పెండ్లి ఎంక్వైరీలో కనీసం పిల్లను కూర్చోబెట్టి మాట్లాడతారు ఎస్సై గారు," అంది ముబషిరా.

అప్పుడు తస్లీమ్ మొదటిసారి నోరు విప్పింది. "మేడం, ఐదో మంచం జోసెఫ్ తాతను పక్కకు తిప్పిన్రా?"

"నువ్వు సప్పుడు చెయ్యకు," అన్నాడు ఎస్సై.

  ముబషిరా కళ్లు గోడ గడియారం మీద ఉన్నాయి.

జరిగింది ఇది. ఊరట నిలయంలో ఏడుగురు ఉంటారు, అందరూ మంచం పట్టినవాళ్లే. సాయన్న సోమశిలలో పడవ నడిపేవాడు. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పడిపోయాయి. నిన్న మధ్యాహ్నం ఒకటిన్నరకూ రెండుంబావుకూ మధ్య చనిపోయాడు. గొంతులో మెతుకు లేదని, ఊపిరితిత్తుల్లో నీళ్లున్నాయని డాక్టరు చెప్పాడు. పొద్దున తొడిగిన నీలం చొక్కా శవం మీద లేదు, వేరే చొక్కా ఉంది. నీలం చొక్కా కోసం పోలీసులు చెత్తబుట్టలు, మిద్దె, నీళ్ల ట్యాంకు అన్నీ వెతికారు. దొరకలేదు.

ఇంతవరకు చూసి ఎస్సై కేసు ముగించేశాడు. మింగలేని మనిషికి ఆయా తొందరలో నీళ్లు పట్టింది, ఊపిరాడలేదు, చొక్కా తడిసింది, తప్పు దాచడానికి చొక్కా మార్చింది. ఈ ఇంట్లో అంగీలు మార్చేది ఎవరు, నేనా, ఈ మేనేజరా అని ఆయన పొద్దుటి నుంచి మూడుసార్లు అడిగాడు. అడిగిన ప్రతిసారీ తన తెలివికి తనే ముచ్చటపడ్డాడు.

ముబషిరా మొదట కురుమయ్యను అడిగింది. ఆయన సమయాలన్నీ ఒప్పజెప్పినట్టు చెప్పాడు. నిన్న వంటమనిషి బాలనాగమ్మ పన్నెండున్నరకే ఇంటికి పోయింది. ఒంటిగంటకు గేటుకు లోపలి నుంచి తాళం పడింది. ఇంట్లో కాళ్ల మీద తిరిగేవాళ్లు తనూ తస్లీమే. తను ఈ గదిలోనే అన్నం తిని, జిల్లా అధికారుల తనిఖీ ఉంది కాబట్టి ఫైళ్లు సర్దుకుంటూ రెండుంబావు దాకా కుర్చీ లోంచి లేవలేదు.

"రూముల వైపు పోనేలేదా?"

"నేనెందుకు పోత మేడం?" కురుమయ్య నొచ్చుకున్నాడు. "నేను డిగ్రీ చదివిన. గా ఎత్తుడు, కడుగుడు, అంగీలు తొడుగుడు నా పని గాదు. నాలుగేండ్ల సంది ఒక్క పేషెంటును ముట్టలే. కావాల్నంటే గీమెనే అడుగున్రి."

తస్లీమ్ తల ఊపింది. "నిజమే మేడం. సార్ ముట్టడు."

ముబషిరా ఆ మాట నోటుబుక్కులో రాసుకుని కింద గీత గీసింది. ఆమె కూడా డిగ్రీ చదివింది, వాళ్ల ఇంట్లో మొదటి మనిషి ఆమే. గద్వాలలో ఆమె తండ్రి దర్జీ. కాజాలు కుట్టిన చేతులతోనే ఆయన ఆమె పరీక్ష ఫీజు కట్టాడు. డిగ్రీ పేరు చెప్పి పనిని చీదరించుకునేవాళ్లను చూస్తే ఆమెకు కోపం రాదు. పురుగును చూసినట్టు ఉంటుంది.

కురుమయ్య కుర్చీ వెనక ఒక బోర్డు వేలాడుతోంది. నాలుగు, ఐదు మంచాల వారు మింగలేరు, వారికి నీళ్లు, చాయ్, మజ్జిగ పట్టరాదు, చిక్కని జావ మాత్రమే చెంచాతో ఇవ్వాలి అని అందంగా రాసి ఉంది. కింద మేనేజర్ సంతకం, పోయిన నెల పన్నెండో తారీఖు.

బోర్డు మంచాల దగ్గర కదా ఉండాల్సింది అని అడిగింది ముబషిరా.

"తనిఖీకి వచ్చేటోళ్లు ఈడనే కూసుంటరు మేడం," అన్నాడు కురుమయ్య.

ఒకటీ ఇరవై రెండుకు ఆమె గది చూడటానికి వెళ్లింది. తలుపు తీయగానే వాసన గుప్పుమంది. ఎస్సై చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తను చూడాల్సింది నిన్ననే చూశానని వరండాలోకి పోయి ఫోన్ అందుకున్నాడు. ముబషిరా చున్నీ కొంగు ముక్కుకు చుట్టుకుంది.

మూడు మంచాలు. ఆరో నంబరు ఖాళీ. నాలుగు సాయన్నది, అదీ ఇప్పుడు ఖాళీయే. ఐదో మంచం మీద జోసెఫ్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఒకప్పుడు లారీ నడిపిన మనిషి, ఎనభై కిలోలుంటాడు. ఆయనకూ కుడి పక్కా మాటా లేవు. కళ్లు మాత్రం ముబషిరా ఎటు కదిలితే అటు కదులుతున్నాయి. దుప్పటి నిన్నటిదే. మార్చలేదేమని అడిగితే, రూములో ఏదీ ముట్టొద్దని ఎస్సై గారి ఆర్డరు అని, బాలనాగమ్మకు కూడా అదే గట్టిగా చెప్పానని కురుమయ్య అన్నాడు.

ఆమె సాయన్న మంచాన్ని ఏడు నిమిషాలు చూసింది. మంచం కింద నీళ్లు కారి ఎండిన మచ్చ ఉంది. కిటికీ గూట్లో ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. ఆ గదిలో గిన్నెలున్నాయి, చెంచాలున్నాయి, గ్లాసు ఇదొక్కటే. గోడ అరల్లో బట్టలు మడతపెట్టి ఉన్నాయి. ఆమె దర్జీ కూతురు కాబట్టి చెయ్యి ముందు గల్ల మీదికే, చొక్కా మెడ మీదికే పోయింది. నాలుగో అరలో ప్రతి చొక్కా గల్ల లోపల ఆకుపచ్చ దారంతో రెండు కుట్లు. ఐదో అరలో ఎర్ర దారం.

జోసెఫ్ గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది. ఆకలేమో అనుకుని ముబషిరా బయటికి వచ్చేసింది.

వసారాలో తస్లీమ్‌ను పక్కకు పిలిచి దారాల సంగతి అడిగింది.

"చాకలాయన అందరి బట్టలు కలిపి తెస్తడు మేడం. పేర్లు రాద్దామంటే నాకు సదువు రాదాయె. గందుకే దారం పెట్టుకున్న. సాయన్నది ఆకుపచ్చ, తాతది ఎరుపు. సార్‌కు చెప్పవోతే నవ్విండు."

ముబషిరా ఆమె చేత ఒక రోజు పని మొత్తం చెప్పించుకుంది. పొద్దున ఐదింటికి ఒళ్లు తుడవడంతో మొదలు. డైపర్లు మార్చడం, పళ్లు తోమడం, తైదల జావ, అంటే రాగి జావ. ఒక్కొక్కరికి చెంచా చెంచాగా ఇరవై నిమిషాలు. ఏడుగురూ అయ్యేసరికి మొదటివాళ్లకు మళ్లీ ఆకలి. మధ్యలో రెండేసి గంటలకు ఒకసారి తిప్పాలి: ఎడమ పక్క, వెల్లకిలా, కుడి పక్క. తిప్పకపోతే తోలు పుండవుతుంది, పుండు ఎముక దాకా పోతుంది. నిన్న ఒంటింబావుకు సాయన్నకూ జోసెఫ్‌కూ జావ పట్టడం అయింది. ఒకటిన్నరకు బకెట్ తీసుకుని మిద్దె మీదికి పోయి దుప్పట్లు ఉతికింది. రెండుంబావుకు దిగింది, రెండున్నరకు తాతను తిప్పాలి కాబట్టి. దిగేసరికి సాయన్న పోయి ఉన్నాడు. అరిచింది. ఆ తర్వాత ఆమెను గదిలోకి రానివ్వలేదు. పోలీసులు సాయంత్రం దాకా అడిగి ఇంటికి పంపారు. రాత్రి డ్యూటీకి రావాల్సిన ఇంకో ఆయా భయపడి పనికే రాలేదు.

"అప్పటిసంది తాతను ఎవరన్న తిప్పిన్రా మేడం? ఇరవై మూడు గంటలాయె."

"తస్లీమ్ ఆపా, ముందు నీ సంగతి చూసుకో. ఇరవై నిమిషాల్లో జీపు వస్తుంది," అంది ముబషిరా, కాస్త విసుగ్గానే. "సాయన్నకు ఎవరితోనైనా గొడవ ఉందా?"

"మాట రానోనికి గొడవేంది మేడం?" తస్లీమ్ వెంటనే దిద్దుకుంది. "రాదని గాదు. వస్తుండె. నాలుగు మాటలు నేర్పిన. వర్ష అంటుండె. వద్దు అంటుండె. నీళ్లు అంటుండె."

"నాలుగోది?"

"నాగేంద్రమ్మ."

నాగేంద్రమ్మ ఆరో మంచం మనిషి. పోయిన నెల పదకొండున చనిపోయింది. గుండె ఆగిందన్నారు. ఆ రోజు తస్లీమ్ తల్లిని దవాఖానకు తీసుకుపోవడానికి సెలవు పెట్టింది. ఆ రోజు మధ్యాహ్నం నాగేంద్రమ్మకు ఎవరు తినిపించారని ముబషిరా అడిగింది.  బాలనాగమ్మ వండి పెట్టి పోతుంది, గేటు తాళం వేసుకుంటారు, ఇంకెవరుంటారు అని తస్లీమ్ తనను తనే అడిగినట్టు అంది.

పదకొండున మనిషి పోయింది. పన్నెండున బోర్డు వచ్చింది. నీళ్లు పడితే మింగలేనివాళ్లు చస్తారని మేనేజర్ గారు ఎక్కడ చదువుకున్నారో ముబషిరాకు అర్థమైంది.

"సాయన్నకు మాట వస్తోందని ఎవరికైనా చెప్పావా?"

"కురుమయ్య సార్‌కు చెప్పిన. నిన్న పొద్దుగాల తొమ్మిదింటికి. తనిఖీ సార్లు వస్తరు గద, వాళ్ల ముందట మాట్లాడిస్తనని సంబరంగ చెప్పిన." ఆమె ముఖం మెల్లగా పాలిపోయింది. "నేనే చెప్పిన మేడం." నాగేంద్రమ్మ, నీళ్లు అనే రెండు మాటలు తనిఖీలో సాయన్న నోట వస్తే చిక్కేది ఎవరో ముబషిరాకు వేరే చెప్పక్కర్లేదు.

ఒకటీ నలభై ఆరుకు ముబషిరా ఆఫీసులోకి వచ్చి, శవం మీది చొక్కా చూపించమంది. ఎస్సై కవరు తెరిచాడు. తెల్ల చొక్కా. గల్ల లోపల ఎర్ర దారం. కుడి చంక దగ్గర కుట్టు నాలుగు వేళ్ల మేర పిగిలి ఉంది.

"ఇది జోసెఫ్ చొక్కా," అంది ముబషిరా. "ఈ దారాలు కుట్టిన మనిషి సాయన్నకు జోసెఫ్ చొక్కా తొడుగుతుందా?"

"భయంల ఏదో ఒకటి తీస్తది. దారాలు, కుట్లు." ఎస్సై కురుమయ్య వైపు చూసి కన్ను కొట్టాడు. "మేడం తండ్రిది దర్జీ దుకాణమంట. గందుకే."

"అవును. దర్జీ దుకాణంలో పిగిలిన కుట్టు అబద్ధం చెప్పదు. తలుపు బయట ఉన్న మీ కానిస్టేబుల్‌ను ఒకసారి ఇటు కూర్చోమనండి."

కానిస్టేబుల్ యూనిఫాం చొక్కా విప్పి బనీనుతో కూర్చున్నాడు. కుడి మోచెయ్యి మడిచి రొమ్ముకు గట్టిగా అదుముకోమని, ఏం చేసినా సడలించవద్దని ముబషిరా చెప్పింది. పడిపోయిన చెయ్యి అలాగే బిగుసుకుని ఉంటుంది. తర్వాత అతని చొక్కా ఎస్సై చేతికిచ్చి తొడగమంది.

ఎస్సై నవ్వుతూనే లేచాడు. బాగున్న ఎడమ చెయ్యి దూర్చాడు. అది సుఖంగా పోయింది. చొక్కాను వీపు మీదుగా లాగి కుడి చెయ్యి దగ్గరికి వచ్చేసరికి గుడ్డ చాలలేదు. మడిచిన మోచెయ్యి వెనక్కి రాదు. లాగాడు. చంక దగ్గర కుట్టు టప్పుమంది. సరిగ్గా అక్కడే. కానిస్టేబుల్ నొప్పికి పళ్లు బిగించాడు కానీ సార్ కాబట్టి ఏమీ అనలేదు.

"మేనేజర్ గారూ, మీరు తొడుగుతారా?"

"నా పని గాదని చెప్పిన గద," అన్నాడు కురుమయ్య. 

ముబషిరా తస్లీమ్‌కు సైగ చేసింది. తస్లీమ్ దగ్గరికి వచ్చి, చొక్కా చేతిలోకి తన చెయ్యి దూర్చి, అటు నుంచి కానిస్టేబుల్ కుడి చేతి వేళ్లు పట్టుకుని, గుడ్డను వాటి మీదికి జరిపింది. తర్వాత భుజం, తర్వాత వీపు, ఆఖరున ఎడమ చెయ్యి. పది సెకన్లు.

"తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, ఇడిసేటప్పుడు అది ఆఖర్న," అంది తస్లీమ్. "గంతే సార్. గిదేం పెద్ద విద్దె గాదు."

"నాలుగేళ్లుగా రోజుకు పద్నాలుగుసార్లు ఈ పని చేసే మనిషి, ఎంత భయంలోనైనా ఎడమ చెయ్యి ముందు దూర్చదు," అంది ముబషిరా. "చొక్కా మార్చింది ఈ పని చేతకానివాడు. గూట్లో గ్లాసు వదిలినవాడు. ఆ గదిలో గ్లాసుకు పనే ఉండదని కూడా తట్టనివాడు. కానీ నీళ్లు పోస్తే సాయన్న చస్తాడని మాత్రం వాడికి బాగా తెలుసు. తస్లీమ్‌కు రెండూ తెలుసు. బయటివాళ్లకు రెండూ తెలియవు. ఒకటే తెలిసి ఒకటి తెలియనివాడు, బోర్డు రాసేవాడే గానీ చెయ్యి వేసేవాడు కాదు, ఈ ఇంట్లో ఎంతమంది ఉన్నారు ఎస్సై గారు?"

కురుమయ్య గట్టిగా నవ్వాడు. చాలా బాగుంది కథ, అందరికీ చాయ్ పెట్టుకొస్తానని లేచాడు. ఎస్సై ఆయన్ను ఆపలేదు. ముబషిరాతో వాదన గెలవడం ఆయనకు అంతకంటే ముఖ్యం.

"అంగి కుట్టు పిగిలిందని జడ్జి ముందు చెప్తే నవ్వుతరు. కండ్లతోని చూసినోడు గావాలె. ఎవడున్నడు, ఆ మంచం మీది మొద్దా?"

"తాత మొద్దు గాదు సార్," అంది తస్లీమ్. "అన్నీ తెలుస్తయి. అవునంటే కండ్లు మూస్తడు. కాదంటే తల తిప్పుతడు."

"అయితే పోయి అడుగుదాం. మొద్దు సాక్ష్యం కూడా రాసుకుంటం," ఎస్సై వసారా అంతా వినిపించేలా అరిచాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు. "అయినా మేడం, నిన్నటి నుంచి ఆ రూమంత కంపు గొడుతుంది, ఆ దుప్పట్లన్న మార్పియ్యరాదా వీళ్లు?"

ముబషిరా ఆయన వైపు తిరిగింది. "ఏదీ ముట్టొద్దని మీరే కదా ఆర్డరిచ్చింది."

"నేనా? నేనెప్పుడిచ్చిన?"

ఒకటీ యాభై ఏడు. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు లేదు. స్టవ్ చప్పుడు లేదు. ఆమె కంటే ముందే తస్లీమ్ పరుగెత్తింది.

ఐదో మంచం మీదికి కురుమయ్య వంగి ఉన్నాడు. ఎడమ చేత్తో జోసెఫ్ దవడలు నొక్కి పట్టుకున్నాడు. కుడి చేతిలో స్టీలు గ్లాసు. జోసెఫ్ ఎడమ చెయ్యి ఆయన మణికట్టును పట్టుకుని వణుకుతోంది. నీళ్లు సగం గడ్డం మీదుగా మెడలోకి, సగం నోట్లోకి.

"దాహమైతుందంట, పాపం," అన్నాడు కురుమయ్య.

కానిస్టేబుల్ ఆయన్ను గోడకు అదిమాడు. గ్లాసు మంచం కిందికి దొర్లింది. జోసెఫ్ ముఖం నల్లబడుతోంది. గొంతులో గురగుర. అందరూ కురుమయ్యనే చూస్తున్నారు. తస్లీమ్ ఒక్కతే ఆయన వైపు చూడలేదు. ఒక చెయ్యి జోసెఫ్ భుజం మీద, ఒక చెయ్యి తొంటి మీద వేసి, మోకాలు మంచానికి ఆనించి, ఎనభై కిలోల మనిషిని ఒక్క ఊపులో తన వైపు పక్కకు తిప్పింది. నోట్లోంచి నీళ్లు కారిపోయాయి. దగ్గు వచ్చింది. తర్వాత ఊపిరి వచ్చింది.

ఆయన వీపు కింద, రబ్బరు షీటుకు అంటుకుపోయి, నలిగి, ఇంకా తడిగా, ఒక నీలం చొక్కా ఉంది. గల్ల లోపల ఆకుపచ్చ దారం.

నిన్న తస్లీమ్ మిద్దె దిగే చప్పుడు విని కురుమయ్య దాన్ని అక్కడికి తోశాడు. మంచం మనిషి కింద ఎవరు చూస్తారు అనుకున్నాడు. తోయడం తేలికే. తీయాలంటే మనిషిని తిప్పాలి, అది ఆయనకు రాదు. అందుకే ఎస్సై పేరుతో ఆర్డరు. ఇరవై మూడు గంటలు జోసెఫ్ ఆ సాక్ష్యం మీదే పడుకున్నాడు. చొక్కా మడతలు ఆయన వీపు మీద ఎర్రగా అచ్చుపడ్డాయి. గుండీ ఒత్తుకున్నచోట తోలు లేచిపోయింది.

తస్లీమ్ తనను ఎన్నిసార్లు అడిగిందో ముబషిరా లెక్కపెట్టుకుంది. రెండుసార్లు. పోలీసులు ట్యాంకులో వెతికారు. తను పక్క మంచాన్ని ఏడు నిమిషాలు చూసింది. మూలుగు విని ఆకలి అనుకుంది. కురుమయ్యను పురుగును చూసినట్టు చూసిన కళ్లే ఇవీ. గదిలోకి వస్తూ మళ్లీ ముక్కుకు చుట్టుకున్న చున్నీని ఆమె విప్పేసింది.

ఎస్సై చంద్రశేఖర్ ఆత్రంగా చొక్కా మీదికి చెయ్యి చాచాడు.

"అంగి యాడికి పోదు సార్," అంది తస్లీమ్. జోసెఫ్ బరువంతా ఆమె చేతుల మీద ఉంది. "ఫోటువలు తర్వాత తీసుకోవచ్చు. ముందుగాల గీయన్ను పట్టున్రి, నేను పుండు కడగాలె."

ఆయన ఒకసారి ముబషిరా వైపు చూశాడు. ఆమె అప్పటికే అవతలి పక్కకు పోయి జోసెఫ్ కాళ్లు పట్టుకుంది. ఎస్సై టోపీ తీసి ఆరో మంచం మీద పెట్టి, రెండు చేతులూ ముందుకు చాచి అలాగే నిలబడ్డాడు. మనిషిని ఎక్కడ పట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.